తెల్లారేలోపు నాలుగుసార్లు

కారేపల్లి మీదుగా రాత్రిపూట ఎన్ని బొగ్గు గూడ్సులు పోతాయో స్టేషన్ మాస్టరు తర్వాత కచ్చితంగా చెప్పగలిగేది ఆ ఊరి ముసలివాళ్లే! కొత్తగూడెం వైపు నుంచి డోర్నకల్ వెళ్లే బండి ఏ వేళ కూత పెట్టినా వాళ్లలో ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు. వాళ్లను లేపేది రైలు కాదు... మూత్రం.

అలాంటి పెద్దాయనే ఒకాయన. డెబ్భై దాటాయి. రాత్రి నాలుగుసార్లు లేవాలి. బాత్రూం దొడ్డి చివర. వానాకాలమైతే టార్చి వేసుకుని, కర్రతో నేల తట్టుకుంటూ వెళ్లాలి. అడవి అంచు ఊళ్లో పాము భయం ఉత్తమాట కాదు. పడిపోతాడేమోనని భార్యా వెనకే లేస్తుంది. ఇల్లెందులో కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా ‘పొలం పనుందమ్మా’ అంటాడు. బిడ్డ అత్తగారింట్లో అర్ధరాత్రి పదేపదే తలుపు తీయడం ఆయనకు నామోషీ.

దానికి ఆయన కనిపెట్టిన మందు నీళ్లు మానేయడం. మే నెలలో కూడా! ఖమ్మం జిల్లా ఎండల్లో ఇది వడదెబ్బను పిలిచి మరీ ఇంట్లో కూర్చోబెట్టడమే. తగ్గించాల్సింది చీకటి పడ్డాక తాగే నీళ్లూ, టీలూ.

సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. ‘నాన్నా, మూత్రం ఆపే బిళ్ల ఒకటుందట, పంపిస్తా’ అని. ఉన్నమాట నిజమే. పేరు డెస్మోప్రెసిన్. రాత్రివేళ మూత్రం తక్కువగా తయారయ్యేలా చూసే వాసోప్రెసిన్ అనే హార్మోన్ మన ఒంట్లోనే ఉంది. వయసు మీదపడేకొద్దీ రాత్రిపూట దాని పట్టు సడలుతుంది. ఈ మందు దానికి నకలు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీన్ని ముక్కులో కొట్టుకునే స్ప్రేగా అనుమతించింది. అయితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చన్న తీవ్ర హెచ్చరికతోనే! సోడియం పడిపోతే మగత, తికమక, ఒక్కోసారి ఫిట్స్. రాత్రి లేవకూడదని వేసుకున్న మందుతో అసలు లేవలేని స్థితి రావచ్చు. అందుకే పెద్దవాళ్లకు దీన్ని వాడొద్దని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2015లోనే తన జాబితాలో చేర్చింది. డాక్టరు తప్పదని రాసినా, మొదలుపెట్టేముందూ, తొలి వారంలోనూ, నెలకూ సోడియం పరీక్ష చేయించాల్సిందే.

కొడుకు బిళ్ల రాకముందే పెద్దాయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కొత్త మందు రాయలేదు. ‘ఇంట్లో మందుల సంచి తెండి’ అన్నాడు. అందులో రెండు దొరికాయి. ఒకటి బీపీకి వాడే ఆమ్లోడిపిన్. దానితో కొందరికి కాళ్లు వాస్తాయి. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పడుకోగానే రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి చేరుతుంది. రెండోది ఒంట్లో నీరు తీసే ఫ్రూసమైడ్. మరచిపోకుండా ఉంటుందని అన్నీ కలిపి రాత్రి అన్నం తిన్నాకే వేసేది ఇల్లాలు! దాన్ని మధ్యాహ్నానికి మార్చారు, సాయంత్రాలు కాళ్లు ఎత్తులో పెట్టుకోమన్నారు. ఇలాంటి మార్పులు సొంతంగా చేసుకునేవి మాత్రం కావు.

గీతల మగ్గు ఒకటి, నోటుపుస్తకం ఒకటి ఇచ్చి మూడు రోజుల లెక్క రాయమన్నారు. తెల్లారి లేవగానే పోసింది కూడా రాత్రి లెక్కలోకే వస్తుంది. రోజు మొత్తంలో మూడో వంతు దాటి రాత్రే వస్తుంటే తప్పు మూత్రాశయానిది కాకపోవచ్చు. షుగరు, గుండె, గురక... అన్నీ చూడాలి. ప్రోస్టేట్ ఉబ్బితే టామ్సులోసిన్ ఉంది, కానీ దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఫినాస్టెరైడ్ పనిచేయడానికి నెలలు పడుతుంది. మూత్రాశయం తొందరను తగ్గించే ఆక్సీబ్యుటినిన్ లాంటివాటితో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవాళ్లకు మతిమరుపూ రావచ్చు.

ఇప్పుడాయన రెండుసార్లే లేస్తున్నాడు. పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టరూ చెప్పలేదు. వచ్చేముందు మాటవరసకు ఆయన ఇల్లాలినీ అడిగాడు, ‘నీ సంగతేంటమ్మా?’ అని. ఆమె కాసేపు నేల చూపులు చూసింది. తనకూ మూడుసార్లట, ఎన్నో ఏళ్లుగా. మొగుడి కోసం లేస్తోందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు! డాక్టరు రెండో నోటుపుస్తకం తీసిచ్చాడు.