ఓడ రేవు చేరిన నాడు పెద్దలతో

కాశీరామేశ్వర యాత్రలకు పెద్దవారిని తోడ్కొని పోవుట మన యిండ్లలో నెప్పటినుండియో కలదు. ఇప్పుడు దానికి తోడుగా ఓడప్రయాణ మొకటి వచ్చినది. ముంబయి నుండి గోవాకును, కొచ్చికిని, లక్షద్వీపములకును పోవు విహారనౌకల నెక్కినవారు మన తెలుగు కుటుంబములలో నిప్పు డరుదు కాదు. దూరదేశములలో నుద్యోగములు చేయు కుమారులు తలిదండ్రుల కే శుభసందర్భమునకో టికెట్టులు కొని పంపుచున్నారు. ఓడలోని భోగములను గుఱించి చెప్పువారు పెక్కురు. ఆ యోడ రేవునందు నిలిచిన దినమున డెబ్బది యేండ్లు దాటినవా రేమి చేయవలయునో చెప్పువారు మాత్రము మాకు గనబడలేదు. అందుచే మా యనుభవములోని నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మరిది విదేశమున నున్నాడు. తండ్రికి డెబ్బదియాఱవ యేడు వచ్చినదని, కొచ్చి మీదుగా లక్షద్వీపములకు పోవు నోడలో తలిదండ్రులకు గది కొని, వారికి తోడుగా మమ్మును మావారిని గూడ బయలుదేరదీసెను. మావారు బడిపంతులు, సంక్రాంతి సెలవులు కలిసి వచ్చినవి. మామగారు సన్నని మనిషి, నడకలో చుఱుకు. అత్తగారికి మోకాళ్లు పట్టుకొని యేడెనిమిదేండ్లయినది; నూఱడుగులు వేసినచో నొకచో గూర్చుండవలయును. విహారదినము కాస్త కలహదినముగా మాఱుట కీ భేద మొక్కటి చాలును.

రేవుదిన మనగా నేమో మొదట దెలిసికొనవలయును. ఓడ ప్రొద్దున రేవు చేరి సాయంకాలము మరల గదలును. కాగితముపై నెనిమిది తొమ్మిది గంటలని యుండును. దిగుటకు వరుసలో నిలుచుట కొకగంట తీసివేయుడు. ఓడ కదలువేళ వేఱు, అందఱు నెక్కితీరవలసిన వేళ వేఱు. రెండవది ముందు వచ్చును. ఆ గంట గూడ తీసివేసినచో చేతికి మిగులున వాఱు గంటలు. ఓడవారు నడుపు బస్సులలో పోయినవారు ఆలస్యమైనచో ఓడ వారికొఱకు సాధారణముగా నాగును; సొంతముగా పోయినవారికొఱ కాగదు. ఈ యొక్క సంగతి నెఱుగక రేవులో పరుగెత్తు ముసలివారిని చూచితిమి. గడియారము గూడ ఓడలోని వేళకే సరిపెట్టుకొనవలయును. ఓడవా రిచ్చిన కార్డును, ఆధారుకార్డును, మందులచీటిని మేము చిన్న సంచిలో వేసి పెద్దవారి మెడలకే తగిలించితిమి. మన చేతిసంచిలో నుంచుకొన్నచో, మన మొకవైపును వా రొకవైపును చీలిననాడు వారి కేమియు నుండదు.

ముందునాటి సాయంకాలమే ఓడలోనొక బల్లయొద్ద విహారముల జాబితా పెట్టిరి. అందు మొదటిది అలప్పుళ కాలువలలో పడవవిహారము. అది కొచ్చికి యాబది కిలోమీటర్లకు పైబడిన దూరము. రాను పోను మూడుగంటలు బస్సులోనే గడచును. మావారి కది మిక్కిలి నచ్చినది. అత్తగారు జాబితా విని, "నాయనా, కాలువయు, పడవయు, కొబ్బరిచెట్లును చూచుటకు బస్సెక్కి పోవలయునా? కోనసీమలో మనయింటి పెరటితలుపు తీసిన నున్నవి యవియే కదా!" అనిరి. మావారు మఱి మాటాడలేదు. ఎడారి ప్రాంతములవారికి అలప్పుళ స్వర్గమే కావచ్చును, కాదనము. అమలాపురమునుండి పోయినవారి కది యెదురింటి పేరంటము.

అసలు చిక్కు అది కాదు, కాలడి. ఆదిశంకరులు పుట్టిన యూరు కొచ్చికి నలుబదియైదు కిలోమీటర్ల దూరమున పూర్ణానది యొడ్డున నున్నది. నదిలో మొసలి పాదము పట్టినప్పుడు తల్లి ఆర్యాంబ కొడుకు సన్న్యాసమున కొప్పుకొన్నదని చెప్పు రేవును, 1910లో శృంగేరి జగద్గురువులు ప్రతిష్ఠించిన యాలయములును అచట గలవు. మామగా రీ యోడప్రయాణమున కొప్పుకొన్నదే కొచ్చి పేరు విని. ఆ సంగతి మా మరిదికి దెలియదు, మాకును ముందునాటి రాత్రి వఱకు దెలియదు. భోజనమైన పిదప మెల్లగా, "రేపు కాలడికి పోయి రావచ్చునా?" అని యడిగిరి. ఆ యడుగుటలో "మరల నిటు రాగలనో లేదో" యన్న మాట వినబడినట్లే యుండెను.

మావారు ఫోనులో దారి చూచిరి. ఊరిలోని రద్దీతో గూడ పోవుటకు రెండుగంటలు, వచ్చుటకు రెండుగంటలు. ఆలయము మధ్యాహ్నము మూసివేయుదురు. దారిలో నొక లారీ యడ్డుపడినచో దర్శనమైనను పోవును, ఓడయైనను పోవును. అత్తగా రంతసేపు కాళ్లు ముడుచుకొని కూర్చుండలేరు. "మీరు పోయిరండు, నేను గదిలో పండుకొందును" అనిరి. ఆమె పండుకొనరని మాకు దెలియును. కిటికీయొద్ద నిలిచి రేవువైపు చూచుచు నుందురు. కొడుకు తండ్రికోరిక తీర్పవలెనని, కోడలు అత్తగారి నొంటిగా విడువరాదని, ఆ రాత్రి మా గదిలో కొంత వాదము జరిగినది. అది పెద్దవారి చెవిని బడకుండ మాటాడితిమని మా యూహ.

ప్రొద్దుననే మామగారు స్నానము చేసి వచ్చి, "శంకరులు కాలినడకన దేశమంతయు దిరిగిరి. ఆయన యూరికి గడియారము చూచుకొనుచు పరుగెత్తిపోవుట నాకు నచ్చలేదు. ఇచ్చటనే యేదైన చూపింపుడు" అనిరి. మొగమున నిరాశ లేదని చెప్పజాలము. కాని నిర్ణయము వారిదే. పెద్దవారిచే నొక కోరిక మానిపించుట వేఱు, వారే మానుకొనుటకు వలసిన లెక్కలు వారి ముందుంచుట వేఱు. మావారు రాత్రి వేసిన గంటలలెక్క కాగితము ప్రొద్దున మామగారి కండ్లజోడు క్రింద నుండెను.

ఓడ నిలుచునది విల్లింగ్‌డన్ దీవిలో. రేవు త్రవ్వి తీసిన మట్టితో రాబర్ట్ బ్రిస్టో యను నింజనీరు కట్టించిన దీవి యది. 2021లో తెఱచిన ప్రయాణికుల భవన మచట నున్నది. మే మచట కారు నొకదాని సగముదినమునకు గుదుర్చుకొంటిమి. ఒక్కొక్కచోటి కొక్కొక్క ఆటో యెక్కుట చౌకయే కాని, బండి మనతోనే యున్నచో పెద్దవారికి నడిచియాడు నీడ యొకటి దొఱకినట్లగును. అత్తగారిని ముందువైపు కూర్చుండబెట్టి కాళ్లు చాపుకొననిచ్చితిమి.

కేరళదేశపు దేవాలయములు ప్రొద్దున తెఱచి యెండ ముదురకముందే మూయుదురు గనుక మొదట గుడికే పోతిమి. మట్టాంచేరి చెంత చెర్లాయి యనుచోట తిరుమల దేవస్వమని యొక కోవెల యున్నది. స్వామి వేంకటాచలపతి! పోర్చుగీసువారి బాధ పడలేక గోవానుండి తరలివచ్చిన గౌడసారస్వతులు కొలుచు దేవుడు. మన కొండమీది స్వామిని మలయాళదేశమున కొంకణిభాష వారి గుడిలో చూచుట మాకు వింతయైనది. పురుషులు చొక్కా విప్పి పోవుట ఆ దేశపు గుడులలో నాచారము. మామగారు పంచెతో నుత్తరీయముతో వచ్చిరి గనుక వారి కిబ్బంది లేదు, మావారే బొత్తాములు వెదకికొనిరి. మామగారు మండపమున గూర్చుండి చాలసేపు కండ్లు మూసికొనిరి. మే మెవ్వరమును వేళ చెప్పలేదు.

అచటినుండి మట్టాంచేరి కోట. పదునాఱవ శతాబ్దిలో పోర్చుగీసువారు కట్టించి కొచ్చి రాజున కిచ్చినది. 1663 తరువాత డచ్చివారు బాగుచేయుటచే డచ్చికోట యని పేరుపడినది. శుక్రవారము మూసియుందురు. రాజుగారి పడకగది గోడలపై దశరథుని పుత్రకామేష్టి మొదలు శ్రీరాము డయోధ్యకు మరలివచ్చువఱకు రామాయణమంతయు చిత్రించియున్నది. వేఱొకచోట కుమారసంభవ కథ గలదు. కాని చిత్రములు మేడమీద, మెట్లెక్కవలయును. అత్తగారు క్రిందనే నీడలో గూర్చుండిరి. మేము వంతులు వేసికొని యెక్కితిమి. మేము దిగివచ్చునప్పటికి మామగా రామె ప్రక్క గూర్చుండి, ఋశ్యశృంగు డెట్లున్నాడో, పాయసపాత్ర యెవరి చేతి కందినదో, గోడవెంట నడచినట్లే వరుసగా చెప్పుచుండిరి. అత్తగారు నడుమ నడుమ "మఱి శూర్పణఖ?" అని యడుగుచుండిరి. ఆ గోడను మేము మా కండ్లతో చూచితిమి. అత్తగా రాయన నోట చూచిరి. ఎవరు బాగుగా చూచిరో చెప్పలేము.

ఇచట నొక సంగతి సిగ్గు విడిచి వ్రాయుచున్నాము. బయటికి పోవు దినమున మన యిండ్లలోని పెద్ద యాడువారు నీరు త్రాగరు. మూత్రశాల యెక్కడ దొఱకునో, ఎంత మురికిగా నుండునో యని వారి భయము. రక్తపుపోటునకు వాడు బిళ్లలలో కొన్ని మూత్రము హెచ్చుగా వచ్చునట్లు చేయును గనుక, ఆ బిళ్లయు మానుదురు. కొచ్చివంటి యుక్కయూరిలో చెమట ధారలుగా కాఱుచుండ, నీరు మాని, మందు మానిన మనిషి కళ్లు తిరిగి పడుట కెంతసేపు? మా యత్తగా రా నా డుదయము బిళ్లను కొంగున ముడివేసికొనియుండగా మేము చూచితిమి. కోపపడలేదు. ఏయేచోట శుభ్రమైన మూత్రశాల దొఱకునో కారు నడుపు నబ్బాయి నడిగి తెలిసికొని, ప్రతి చోటను ముందు మేము పోయి చూచి వచ్చి, "బాగున్నది, రండు" అని చెప్పితిమి. రెండవమాఱు పిలిచిన పిదప నామె తామే నీళ్లసీసా యడిగిరి. బిళ్ల వేళ మార్చుకొనవచ్చునా యన్నది ప్రయాణమునకు ముందే వైద్యు నడుగవలసిన మాట. ఓడలోనో గుడిలోనో మనము తీర్చుకొను మాట కాదు.

భోజనమునకు శాకాహారపు హోటలుకు పోతిమి. లావు మట్టబియ్యపన్నము పెద్దవారికి నమలుట కష్టము. తెల్లన్న మడిగిన పెట్టుదురు. పతిముగమను చెక్క వేసి కాచిన యెఱ్ఱని వెచ్చని నీ రిచ్చెదరు. అది కడుపునకు మంచిది, మరిగిన నీరు గనుక భయము లేదు. వడ్డించు కుఱ్ఱవాడు "వెళ్ళం, వెళ్ళం" అని యడుగగా, అత్తగారు "బెల్లమెందుకు నాయనా, నాకు చక్కెరవ్యాధి" అనిరి. వెళ్ళమనగా వారిభాషలో నీరని తెలిసి మామగారు చాలసేపు నవ్విరి.

కాళ్లు బాగున్నవారికి కొచ్చిలో చూడదగినవి యింకను గలవు. 1568 నాటి యూదుల ప్రార్థనామందిరమున చీనాదేశపు నీలిపలకల నేల యున్నది, శనివారము తెఱవరు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో 1524లో చనిపోయిన వాస్కోడగామాను తొలుత పూడ్చిన చోటు గలదు. ఆయన యస్థులను పిదప పోర్చుగలుకు గొనిపోయిరి. నీటిమీద తిరుగవలెనను కోరిక గలవారు 2023లో మొదలిడిన వాటర్ మెట్రో పడవ లెక్కవచ్చును. తీరమున తేలుబల్ల పడవతో సమమైన యెత్తున నుండుటచే చక్రముల కుర్చీ గూడ నేరుగా లోనికి పోవును. పెద్దవారి కది అలప్పుళకంటె మేలని మా యభిప్రాయము. లక్షద్వీపములలో మాత్రము పెద్ద యోడ దూరముననే నిలిచి, ఊగుచున్న చిన్నపడవలోనికి దిగవలసియుండును. మోకాళ్ల నొప్పి గలవా రా దిన మోడలోనే యుండుట మంచిది. మా యత్తగా రట్లే యుండిరి.

మేము రెండుగంటలకే కొచ్చి రేవు చేరితిమి. ఇంకను వేళ యున్నదికదా యని మావారు గొణిగిరి. అప్పటి యోడను చూడవలయును! మూడుదినములుగా కుర్చీ దొఱకని పైయంతస్తున నెవ్వరును లేరు. వాద్యముల రొద లేదు. ఊరిలోనికి పోనేపోని వృద్ధదంపతు లొకరు నీడలో గూర్చుండి చదువుకొనుచుండిరి. డబ్బిచ్చి వచ్చి దిగకపోవుట నష్టమని కొందఱందురు. ఆ నిశ్శబ్దము మఱి యే దినమునను ఏ ధర కిచ్చినను ఆ యోడలో దొఱకదు. అత్తగారు కాళ్లు చాచి గంటన్నర నిద్రించిరి.

సాయంకాల మలప్పుళ బస్సులు వచ్చినవి. పాపము, సగముమంది తిన్నగా గదులకు పోయి పండుకొనిరి. ఓడ కదలి, కొచ్చి కోటకును వైపీనుకును నడుమనున్న మొగలోనుండి సముద్రమునకు సాగుచుండగా, ఎడమవైపున చీనావలలు వరుసగా గనబడినవి. పొడుగాటి దూలముల చివర వలలు, వెనుకవైపున తూకమునకు త్రాళ్ల వ్రేలాడు రాళ్లు, వాటిని నలుగురైదుగురు లాగుచుండగా నీటినుండి లేచు వల. వానిని చూచుటకై యెండలో నిలువ నక్కఱలేకపోయినది, కుర్చీలోనుండియే చూచితిమి. అత్తగా రొక్కొక్క వల లేచినప్పుడు చేప లెన్ని పడినవో లెక్కించుచుండిరి.

మామగారు వలలను చూడలేదు. మావారి ఫోను తీసికొని, కాలడికి దగ్గఱ రైలుస్టేషనేదని వెదకించిరి. అంగమాలి యని తేలినది. ఆ స్టేషను పలకమీదనే కాలడి పేరు గూడ వ్రాసియుందురట. ఆ పేరును తమ మందులచీటి వెనుక వ్రాసికొని, "వేసవి సెలవులలో నీ బడి యెప్పుడు మూయుదురురా?" అని మావారి నడిగిరి.