అద్దాల గదిలో ఏ పాము?

నాగుపామును చూడాలని వెళ్తాం. కొండచిలువ దగ్గర ఫొటో దిగుతాం. కానీ చెన్నై గిండీ పాముల పార్కులో నిజంగా చూసి తీరాల్సిన పాము ముందు ఎవరూ నిలబడరు!

‘‘ఏదీ... పామేదీ?’’

గిండీ పాముల పార్కులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వినిపించే మాట ఇది. తమిళంలో, హిందీలో, నెల్లూరు నుంచో తిరుపతి నుంచో కుటుంబాలు దిగితే మన తెలుగులో. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి, కళ్లకి చేతులు అడ్డంపెట్టి వెతుకుతుంటారు. లోపల ఇసుక, రెండు రాళ్లు, ఓ ఎండుకొమ్మ, నీళ్ల తొట్టి. అంతే! పాము ఏ కుండపెంకు కిందో చుట్టచుట్టుకుని పడుకుంటుంది. కాసేపు చూసి, విసుగొచ్చి, పక్క గదికి వెళ్లిపోతారు.

చూసేవాళ్లకి పాము కనిపించాలి. పాముకేమో ఎవరికీ కనిపించకపోవడమే హాయి. పామూ చావకూడదు, కర్రా విరగకూడదన్న సామెత సరిగ్గా అతికేది ఇక్కడే. దాగడానికి చోటివ్వకపోతే పాము బెదిరిపోతుంది, తిండి మానేస్తుంది. ఇస్తే టికెట్టు కొన్నవాళ్లు గొణుగుతారు. అందుకే ఏ పామును అద్దం వెనక పెట్టాలన్నది ఆషామాషీ వ్యవహారం కాదు.

న్యూయార్క్‌లో పుట్టి, మన దేశంలో పెరిగిన రోములస్ విటేకర్ ఈ పార్కుకి ఆద్యుడు. తాంబరం దగ్గర సేలయూర్‌లో చిన్నగా మొదలుపెట్టి, 1972లో గిండీ అడవి పక్కకి మార్చారు. ఆ ఏడాదే వన్యప్రాణి రక్షణ చట్టమూ వచ్చింది. పార్కు విస్తీర్ణం ఎకరానికి కాస్త అటూఇటూ. ఓ గంటలో చుట్టేయొచ్చు. కానీ తొందరపడకపోతేనే మంచిది. పాముల దగ్గర తొందర పనికిరాదు.

ముందు అందరికీ ఇష్టమైన కొండచిలువ. పెంచడం తేలికే. ఒకసారి మేస్తే వారాల తరబడి అడగదు. అద్దాల గదిలోనూ నెమ్మదిగా ఉంటుంది. చిక్కల్లా ఆ నెమ్మదితోనే... కదలదు! ‘‘బొమ్మేమో’’ అంటూ అద్దం మీద టకటకా కొట్టేవాళ్లకి కొదవుండదు. పాముకి బయటికి కనిపించే చెవుల్లేవు కానీ, ఒళ్లంతా చెవే. చిన్న అదురు కూడా దానికి తెలుస్తుంది. రోజుకి ఎన్ని వందలసార్లు అలా కొడతారో లెక్కేసుకోండి!

నాగుపాము కథ మరోటి. పడగ విప్పుతుందని జనం కాచుక్కూచుంటారు. అది పడగ విప్పేది భయంతో. కొన్నాళ్లు గడిచేసరికి మనుషులకి అలవాటుపడి, విప్పడం మానేస్తుంది. పడగ విప్పడం లేదంటే ఆ పాము కుదురుగా ఉందని అర్థం. అది తెలియక నిరుత్సాహపడేవాళ్లే ఎక్కువ. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మన ఇళ్లలో చాలామందికి తెలియని మాట ఇంకోటుంది. పాలు పాము తిండి కాదు. దాహంతో అల్లాడే పామైతే ఏదిచ్చినా తాగుతుంది. ఆడించేవాళ్లు అందుకే వాటిని ముందు నీళ్లు లేకుండా ఎండబెడతారు.

జెర్రిపోతు పొడవుగా, చురుగ్గా ఉంటుంది. పగలే తిరుగుతుంది. ఇక్కడికి దీన్ని మించింది లేదనిపిస్తుంది. పట్టి పెడితే తెలుస్తుంది అసలు సంగతి! కంగారు ఎక్కువ. మనిషి నీడ పడితే చాలు, దూకి అద్దానికి ముక్కు కొట్టుకుంటుంది. గది విశాలంగా లేకపోతే మూతి పుండైపోతుంది. పొలంలో రెండు పాములు పెనవేసుకుంటే ‘నాగుపాముతో జెర్రిపోతు జతకట్టింది’ అంటారు మనవాళ్లు. చాలాసార్లు ఆ రెండూ జెర్రిపోతులే, అందునా మగవే. అది సరసం కాదు, కుస్తీ!

పచ్చటి తీగలా వేలాడే పసిరిక పాము అందానికి అందమూ ఉంది, పగలే మెలకువగా ఉండే గుణమూ ఉంది. తిండి దగ్గరే పేచీ. ఎలుకలు తినే పాములకి చంపిన ఎలుకను అలవాటు చేయొచ్చు. దీనికి కదిలే బల్లి, తొండ కావాలి. రోజూ ఎవరు పట్టుకొస్తారు? రాచనాగుదైతే ఇంకా పెద్ద తంటా. దాని భోజనం పాములే! చల్లదనం, తేమ కావాలి. చెన్నై ఎండకి అవి ఎక్కడివి? ఇక రెండు తలల పాము... ఇసుకలో దూరిపోతుంది. జనం చూసేది ఇసుకనే. ‘కోట్లు పలుకుతుంది’ అని మోసగాళ్లు నమ్మించేది ఈ అమాయకపు పామునే. మొండితోక తలలా కనిపించడం తప్ప దానిలో ఏ మహత్తూ లేదు.

ఇన్నింటిలో అద్దాల గదికి చక్కగా కుదిరేది ఏదయ్యా అంటే నీరుకట్టె! చిన్న నీళ్ల మడుగు, నాలుగు రాళ్లు, చేపలు, కప్పలు ఉంటే చాలు. ఈదుతుంది, రాయెక్కి ఎండ కాగుతుంది, మళ్లీ దూకుతుంది. విషం లేదు. కొరకడంలో మాత్రం మహా ఘటికురాలు. కానీ దాని ముందు ఎవరూ ఆగరు. ‘‘ఓ... నీరుకట్టేనా’’ అనేసి సాగిపోతారు.

కనువిందు సంగతి సరే. పాములను చూపించడానికి అంతకన్నా పెద్ద కారణం ఉంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల్లోనే. ఎక్కువగా ప్రాణాలు తీసేవి నాలుగు... నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. చూడముచ్చటగా ఉన్నా లేకున్నా ఆ నాలుగూ అద్దాల వెనక ఉండాల్సిందే.

వాటిలో కట్లపాము గది ముందు ఎవరూ నిలబడరు. పగలంతా దాక్కుని ఉంటుంది. నల్లగా నిగనిగలాడే తాడు ముక్కలా ఓ మూల కనిపిస్తే అదృష్టమే. నేలమీద చాప వేసుకుని పడుకున్నవాళ్లని రాత్రిపూట కాటేసేది ఇదే. పెద్దగా నొప్పి ఉండదు. దోమో చీమో అనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట పడిపోయి, ఊపిరి అందని స్థితి. అచ్చం దీనిలాగే ఉండే వుల్ఫ్ స్నేక్ అనే విషంలేని చిన్న పామూ ఉంది. కట్లపాము తెల్లపట్టీలు తల దగ్గర కనీకనిపించకుండా ఉండి, తోకవైపు స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌వి మెడ నుంచే మొదలై తోకవైపు మాసిపోతాయి. ఈ రెండింటినీ పక్కపక్కన చూస్తేనే ఆ తేడా మనసుకెక్కుతుంది. అద్దం ఉన్నది అందుకే. ఇంట్లో కనిపిస్తే పట్టీలు లెక్కపెడుతూ దగ్గరికి వెళ్లడానికి కాదు!

రక్తపింజరకి మన గడ్డతో పాత చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోస్తా పాములను సేకరించి, 1796లో రంగుల బొమ్మలతో పుస్తకం తెచ్చాడు. ఊళ్లో వాళ్లు చెప్పిన తెలుగు పేర్లనే అందులో ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన ‘కాటుక రేకుల పొడ’కే శాస్త్రవేత్తలు తర్వాత ఆయన పేరు పెట్టారు. కట్లపాముల జాతికి శాస్త్రీయ నామం ‘బంగారస్’. అది మన బంగారమే!

కాటుకి విరుగుడు కథ కావాలంటే మహాబలిపురం దారిలో నలభై కిలోమీటర్లు వెళ్లాలి. వడనెమ్మేలిలో, 1976లో మొదలైన మొసళ్ల బ్యాంకు ఆవరణలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. ఒకప్పుడు పాము చర్మాలమ్మి బతికినవాళ్లు వీళ్లు. నిషేధంతో బతుకుదెరువు పోయింది. 1978లో సంఘంగా ఏర్పడి, అదే విద్యతో విషం తీసి అమ్మడం మొదలుపెట్టారు. ఇక్కడ పాములుండేది అద్దాల్లో కాదు, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండల్లో! చీకటి, చల్లదనం... పాము కోరుకునేవి రెండూ అందులో ఉన్నాయి. మూడు నాలుగు వారాలు ఉంచుకుని, నాలుగుసార్లు విషం తీసి మళ్లీ వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకెక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు చేస్తారు. ఈ ఇరుళల్లో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇవన్నీ చూసొచ్చాక ఇంట్లోనూ ఓ అద్దాల పెట్టె పెట్టుకుందామా అనిపించే కుర్రాళ్లు ఉంటారు. మన దేశపు పామును పెంచుకోవడం నేరం. ‘విషంలేనిదే కదా’ అంటే కుదరదు. విదేశీ పాముల్లో భయమేస్తే బంతిలా చుట్టుకునే ఆఫ్రికా బాల్ పైథాన్ అంటే నగరాల్లో మోజు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉన్న జీవి కాబట్టి, 2024 నాటి నిబంధనల ప్రకారం దాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. అన్నట్టు, అది ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ కుర్రాడు కొన్న పామును అతని పిల్లలు మేపాల్సి రావొచ్చు!

గిండీ లోకల్ రైలు స్టేషన్ నుంచి పార్కు దగ్గరే. మంగళవారం సెలవు. ఉదయం పెందలాడే వెళ్తే ఎండ కాగే పాములు కనిపిస్తాయి. కట్లపాము మాత్రం గేట్లు మూసి, జనమంతా వెళ్లిపోయాకే బయటికొస్తుంది.