స్నాతకోత్సవ సత్కారములు – ఋషిఋణ విచారము

స్నాతకుడు అనగా స్నానము చేసినవాడు. గురుకులమున వేదాధ్యయనమును ముగించిన బ్రహ్మచారి ఆచార్యుని అనుజ్ఞను పొంది, మంగళస్నానమాచరించి, మేఖలాజిన దండములను విడిచి, నూతన వస్త్రములను ధరించి గృహమునకు మరలుటయే సమావర్తన సంస్కారము. నేడు విశ్వవిద్యాలయములు పట్టాలను ప్రదానము చేయు సభకు మన పెద్దలు స్నాతకోత్సవమని పేరిడిరి. పేరు ప్రాచీనము, సభ నవీనము. ఈ రెంటి నడుమ నిలిచినదేమి, జారిపోయినదేమి అను విచారమే ఈ వ్యాసము.

మాది కట్టంగూరు. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై నార్కట్‌పల్లికిని నకిరేకల్లుకును నడుమనున్న మండల కేంద్రము. నా చదువునాళ్ళలో మా ప్రాంతపు విద్యార్థులకు పట్టా అనగా 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టాయే. స్నాతకోత్సవమునకై రాజధానికి పోవుటకు బస్సు ఖర్చులు, గౌను అద్దె, ఒక దినపు కూలి నష్టము. కావున మావంటి వారము రుసుము చెల్లించి గైర్హాజరీలోనే పట్టా కోరెడివారము. నా పట్టా రిజిస్టర్డు తపాలాలో వచ్చినది. పోస్టుమాను సంతకము చేయించుకొని చేతికిచ్చెను. మా అమ్మ దానిని దేవుని గూటిలో పెట్టి కుంకుమ అద్దెను. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప మా పిల్లలకు ఉన్నతవిద్య చేరువైనది. నేడు మా వీధిలో పలు ఇండ్ల గోడలపై నల్లగౌను ధరించిన బిడ్డ ఛాయాచిత్రము, ఇలవేల్పు పటము ప్రక్కనే కనబడుచున్నది.

ఆ సభలో జరుగు సత్కారములు మూడు విధములు. పట్టా అధ్యయనమునకు ఫలము. పతకము సహాధ్యాయులతో పోల్చగా లభించిన ప్రథమస్థానమునకు చిహ్నము. దాత యొకరు తల్లిదండ్రుల పేరిటనో గురువు పేరిటనో మూలధనమును సమర్పింపగా, దానిపై వచ్చు వడ్డీతో ఏటేట పతకమును చేయింతురు. మూడవది గౌరవ డాక్టరేటు. దానికి తరగతి లేదు, పరీక్ష లేదు. లోకమునకు ఒకరు చేసిన సేవను గుర్తించి విశ్వవిద్యాలయము తానై పిలిచి సమర్పించునది అది.

శాస్త్రము ఈ విషయమున ఏమనుచున్నది? గృహ్యసూత్రములు స్నాతకులను మూడు తెగలుగా చెప్పినవి. వేదమును ముగించి వ్రతమును ముగింపనివాడు విద్యాస్నాతకుడు. వ్రతమును ముగించి వేదమును ముగింపనివాడు వ్రతస్నాతకుడు. రెంటిని ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. వీరిలో మూడవవాడే శ్రేష్ఠుడు. మన పరీక్షలు కొలువగలిగినది మొదటి భాగమును మాత్రమే. మార్కుల పట్టికలో వ్రతమునకు గడి లేదు. ఇది విశ్వవిద్యాలయముల దోషమని అనజాలము. వ్రతమును కొలుచు త్రాసు ఎవరి చేతను లేదు. అయితే కొలిచిన భాగమునే సమస్తమని భ్రమించుట మన దోషము.

మరియొక భేదము ఇంతకంటె గంభీరమైనది. నేటి సభలో విద్యార్థి చేయి చాచును, సంస్థ ఇచ్చును. సమావర్తనమున ఇచ్చువాడు శిష్యుడు. ఆచార్యునికి ప్రియమైన ధనమును దక్షిణగా సమర్పించి అతడు కదలవలెను. ఆచార్యుడు అతనికి పతకమీయడు, ఉపదేశమిచ్చును. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలోని ఆ ఉపదేశము సత్యవాక్కుతో ఆరంభమై, ధర్మాచరణమును, స్వాధ్యాయమును విడువవలదని, తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవతలుగా భావింపుమని, ఇచ్చునది శ్రద్ధతో ఇమ్మని సాగును. ఒక్క మాటలోనైనను "నీవు గొప్పవాడవు" అను ప్రశంస లేదు. ప్రతి వాక్యమును ఒక బాధ్యత. మానవుడు ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి జన్మించుచున్నాడని వేదము. అందు ఋషిఋణము తీరునది అధ్యయనముచేత, ఆ అధ్యయనమును ముందుతరమునకు అందించుటచేత. కావున చదువు ముగిసిన దినము ఆర్జన ముగిసిన దినము కాదు. ఋణము తీర్చుట ఆరంభమైన దినము. పట్టాయైనను పతకమైనను ఈ దృష్టితో చూచినచో ఋణపత్రములే.

ఇట్లనుటచే శాస్త్రము సత్కారమును తిరస్కరించినదని భావింపరాదు. మార్గమున రాజును స్నాతకుడును ఎదురుపడినచో రాజే స్నాతకుని గౌరవించి త్రోవ ఇయ్యవలెనని మనుధర్మము. విద్యను గౌరవింపని సమాజమునకు శ్రేయస్సు లేదు. ప్రశ్న సత్కారము ఉండవలెనా వలదా అని కాదు. దానిని ఎవరు, ఎవరికి, ఏల ఇచ్చుచున్నారన్నదే.

ఈ ప్రశ్నను నాకు బోధపరచినవి గ్రంథములకంటె రెండు సంఘటనలు.

మొదటిది నావద్ద పదవ తరగతి చదివిన ఒక బాలిక విషయము. చేనేత కుటుంబము. మా జిల్లాకు ఆవలనున్న ఒక విశ్వవిద్యాలయమున ఎం.ఏ. తెలుగులో ప్రథమురాలై స్వర్ణపతకము పొందినది. మరుసటి యేట తండ్రి జబ్బుపడెను, బి.ఇడి. రుసుము కట్టవలసిన గడువును అప్పుడే వచ్చెను. తల్లి ఆ పతకమును కొంగున ముడివేసికొని నకిరేకల్లులోని కంసాలివద్దకు పోయినది. ఆయన గీటురాయిపై గీసి, వెండిమీద బంగారు పూతయని చెప్పి తిరిగి ఇచ్చెను. ఆ సాయంకాలము ఆమె మా ఇంటి అరుగుమీద కూర్చుండి, "బంగారం కాదంట సారూ. రేయింబగళ్లు సదివింది గదా పిల్ల. దాని కష్టానికి ఇదేనా ఇలువ?" అని అడిగినది.

విద్య అమూల్యమని, లోహమునకు విలువ లేదని చెప్పుట నాకు సులభము. కాని ఆకలిగొన్నవాని ఎదుట ఉపవాసమహిమను చెప్పుట వేదాంతము కాదు. పైగా ఆమె ప్రశ్నలో ధర్మము ఉన్నది. సత్యము పలుకుమను వాక్యముతో ఆరంభమగు స్నాతకోపదేశమునకు వారసులమని చెప్పుకొను సభలో, పూత పూసిన వెండిని స్వర్ణమని పిలుచుట ఎంతవరకు ఉచితము? వెండి పతకమని చెప్పి వెండినే ఇచ్చియుండినచో ఎవరికిని లోపము తోచకుండెడిది. నిధిపై వడ్డీ తగ్గి బంగారము ధర పెరిగినది నిజమే. అట్లయినచో పేరును మార్చుకొనవలెను.

తల్లికి సమాధానమిచ్చినది నేను కాదు, ఆ బాలికయే. "అమ్మా, అది అమ్ముకోనీకి ఇచ్చింది కాదే. నాకు సదువొచ్చని రాసిచ్చిన కాయితం అసుంటిది. సదువైతే నా తాననే ఉంది గదా" అన్నది. ఆ వారముననే తమ ఇంటి వసారాలో సాయంకాలపు పాఠములు మొదలిడినది. రుసుము ఇయ్యగలవారివద్ద తీసికొన్నది, ఇయ్యలేనివారిని అడుగలేదు. ఒక సంవత్సరము ఆలస్యమైనను బి.ఇడి.లో చేరినది. ఆమె ఋషిఋణమను మాటను వినియుండకపోవచ్చును; దానిని తీర్చుచున్నది.

రెండవది మా బావమరిది విషయము. ఆయన ముప్పది సంవత్సరములుగా దేవాలయమున భాగవతమును, రామాయణమును పురాణముగా చెప్పుచున్నాడు. సంభావన ఎంతయని ఎన్నడును అడిగి ఎరుగడు. ఒకనాడు ఆయనకు ఫోను వచ్చినది. విదేశీ విశ్వవిద్యాలయపు పేరు చెప్పిరి. ఆధ్యాత్మిక సేవకు గౌరవ డాక్టరేటు, నగరమున హోటలు సభ, శాలువ, ఛాయాచిత్రము. నమోదు రుసుముగా కొన్ని వేల రూపాయలు. ఆయన నావద్దకు వచ్చి, "బావా, ముప్పై ఏండ్లు పురాణం చెప్పిన. ఒక్కలన్న పిలిచి మంచిగ చెప్పినవని శాలువ కప్పిండ్రా? పైసలిచ్చి తెచ్చుకుంటే తప్పేంది?" అనెను.

నేను మొదట చట్టమును చెప్పితిని. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టపు 22వ విభాగమును అనుసరించి, చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకు, ఆ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకాధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే మన దేశమున పట్టాలిచ్చు అధికారము కలదు. హోటలు సభకు అది లేదు. నిజమైన విశ్వవిద్యాలయము గౌరవ పట్టాకు ప్రతిగ్రహీతవద్ద రుసుము కోరదు. పిదప శాస్త్రమును చెప్పితిని: "సత్కారమనగా ఋణము తీర్చుట. ఆ హోటలువారు నీ పురాణము ఒక్కనాడైనను వినిరా? వారు నీకేమి ఋణపడిరి?"

ఆయన మాటాడలేదు. ఆ ధనము పంపలేదు. అయితే ఆయన మనస్సునుండి ఆ ఆశ తొలగినదని నేను చెప్పజాలను, ఆయనయు చెప్పలేదు. తరువాత ఆలోచింపగా నాకు తోచినది వేరు. ఆయనకు ఋణపడినవారు హోటలులో లేరు. మా ఊరిలో ఉన్నారు. ఆ శ్రోతలలో నేనును ఒకడను. ఋణమును తీర్చని సమాజమే దొంగ పట్టాలకు గిరాకి కల్పించుచున్నది. వచ్చు శ్రావణమున భాగవత సప్తాహపు చివరిదినమున ఊరివారమందరము కలిసి ఆయనను గౌరవింపవలెనని నిశ్చయించితిమి. అది డాక్టరేటు కాదు. కాని ఇచ్చువారు వినినవారు.

నిజమైన గౌరవ పట్టాలలో ఈ తత్త్వమే కనబడును. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన గౌరవ పట్టమునకు కళాప్రపూర్ణయని చక్కని పేరిడినది. గిడుగు రామమూర్తి, విశ్వనాథ సత్యనారాయణ, గుఱ్ఱం జాషువ మొదలగువారు దానిని అందుకొనిరి. భాషావిషయమున గిడుగువారిది ఒక త్రోవ, విశ్వనాథవారిది మరియొక త్రోవ; తెలుగు జాతి ఇరువురికిని ఋణపడియున్నది. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయము డాక్టరు అంబేద్కరుకు గౌరవ డి.లిట్. సమర్పించినది. కొలంబియాలోను లండనులోను పరిశోధించి డాక్టరేటులను ఆర్జించిన ఆ విద్వాంసునికి దానివలన క్రొత్తగా చేరిన విద్య ఏమియు లేదు. గౌరవము పొందినది ఇచ్చిన సంస్థయే. మా పొరుగున పాలమూరు ప్రాంతమున జన్మించిన కపిలవాయి లింగమూర్తిగారు (1928–2018) తమ సీమలోని దేవాలయముల, గ్రామముల చరిత్రను జీవితమంతయు సేకరించిరి. తెలుగు విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరేటు నిచ్చినది 2014లో, ఎనుబది దాటిన వయస్సున. ఆలస్యమైనను ఋణము ఋణమే.

సత్కారమును స్వీకరించువానికి బృహదారణ్యకము ఒక ఉత్తమ నిదర్శనమును చూపినది. జనకమహారాజు వేయి గోవులను నిలిపి, వాని కొమ్ములకు పదేసి పాదముల బంగారమును కట్టించి, బ్రహ్మిష్ఠుడైనవాడు తోలుకొనిపోవచ్చునని ప్రకటించెను. యాజ్ఞవల్క్యుడు చర్చకు ముందే ఆవులను తోలుమని శిష్యునితో చెప్పెను. సభ క్రుద్ధమయ్యెను. అశ్వలుడు నిలదీయగా, బ్రహ్మిష్ఠునికి మా నమస్కారము, మాకు ఆవులు కావలెనంతే అని ఆయన చమత్కరించెను. పిదప జరిగినది గమనింపదగినది. అశ్వలుడు మొదలు గార్గి, ఉద్దాలకుడు, శాకల్యుడు వరకు ఒక్కొక్కరే ప్రశ్నింపగా, ఆయన లేచిపోక అందరికిని సమాధానమిచ్చెను. బహుమానము ముందు, పరీక్ష తరువాత. సత్కారమును పొందినవాడు ఆ క్షణమునుండి ప్రశ్నకు బద్ధుడు.

భగవద్గీత పదమూడవ అధ్యాయమున భగవానుడు జ్ఞానమని పేర్కొన్న గుణములలో మొట్టమొదటిది అమానిత్వము. మానమును పొందకుండుట అని దీని అర్థము కాదు. తనయందు మానమును ఆరోపించుకొనకుండుట. దీనికి మా నల్లగొండ చేరువన పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయమే సాక్షి. అచ్చటి గర్భాలయమున ఒక స్తంభపు ఛాయ పగలంతయు చలింపక నిలిచియుండును. ఏ స్తంభమునకు అడ్డము నిలిచినను అది చెదరదు. ఏలయన అది ఏ ఒక్క స్తంభపు నీడయు కాదు. పలు స్తంభముల నడుమనుండి చెదరి లోనికి చేరు వెలుతురు ఏర్పరచిన రూపము. పతకముపై చెక్కిన పేరును అట్టిదే. చూచుటకు ఒక్కరిది. వెనుక తల్లి, తండ్రి, ఓనమాలు దిద్దించిన గురువు, గ్రంథాలయమున పుస్తకము వెదకి ఇచ్చిన ఉద్యోగి, బస్సుపాసు, ఉపకారవేతనము, నిధి స్థాపించిన దాత అనేక స్తంభములై నిలిచియుందురు. ఆ ఛాయను నాదని ఏ స్తంభము చెప్పగలదు?

కావున ఇంట పతకము పొందిన బిడ్డ ఉన్న పాఠకమహాశయులకు నా విన్నపము ఒక్కటియే. దానిని గాజుపెట్టెలో ఉంచుడు, సంతోషింపుడు. అది తప్పు కాదు. ఆ దినముననే ఆ బిడ్డచేత ఒక కాగితముపై, ఎవరెవరివలన తనకు ఈ చదువు అబ్బినదో వారి పేర్లు వ్రాయింపుడు. వానిలో జీవించియున్నవారికి నమస్కరింపజేయుడు. గతించినవారి ఋణమును తీర్చుటకు, ఆ వీధిలోనే అక్షరమునకై ఎదురుచూచు మరియొక బిడ్డను చూపుడు.

స్వస్తి.