ఆ ల్యాప్ టైమ్ కొలిచింది ఎవరు?

మీ ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలు ఉంటే, భోజనాల దగ్గర కార్ల పేర్లు మీ చెవిన పడే ఉంటాయి. మా వాడు తొమ్మిదో తరగతి. కార్ల నంబర్లు వాడికి ఎక్కాలకంటే బాగా వచ్చు. "నాన్నా, ఈ కారు నూర్బర్గ్‌రింగ్‌లో ఆరు నిమిషాల నలభై సెకన్లు!" అంటాడు. నేను తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగిని. ఎవరు ఏ అంకె చెప్పినా నాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: కొలిచింది ఎవరు? మొన్న సెలవుల్లో వాడూ నేనూ కలిసి దీని సంగతి చూశాం. కార్లంటే ఆసక్తి లేనివాళ్లు కూడా కాస్త ఓపికపట్టి చదవండి.

నూర్బర్గ్‌రింగ్ జర్మనీలో, ఐఫెల్ కొండల్లో ఉంది. 1927లో తెరిచారు. అందులో నార్డ్‌ష్లైఫ అనే పాత ట్రాక్ పొడవు 20.832 కి.మీ. డెబ్బైకి పైగా మలుపులు, ఎత్తుపల్లాలు. ఒక చివర ఎండ కాస్తుంటే ఇంకో చివర వాన పడటం అక్కడ మామూలే. స్పోర్ట్స్ కార్ల కంపెనీలు తమ కారు గొప్పతనం చాటుకోవడానికి అక్కడికే వెళ్తాయి.

మామూలు రేసులో ఈ తగాదా పెద్దగా ఉండదు. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, మీలో కొందరు చూసే ఉంటారు. అందరూ ఒకే రోజు, ఒకే ట్రాక్ మీద తిరిగారు. ప్రతి కారులో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పరికరం ఉంటుంది, గీత దాటగానే టైమ్ నమోదవుతుంది. నూర్బర్గ్‌రింగ్ రికార్డులు అలా కాదు. ఒక కంపెనీ ఈ ఏడాది వస్తుంది, ఇంకొకటి మూడేళ్ల తర్వాత వస్తుంది. వాతావరణం వేరు, డ్రైవర్ వేరు, టైర్లు వేరు. అయినా రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తాం.

2008లో జరిగింది చూడండి. నిస్సాన్ తన జీటీ-ఆర్ 7 నిమిషాల 29 సెకన్లలో ల్యాప్ పూర్తి చేసిందని ప్రకటించింది. పోర్షెకు నమ్మకం కుదరలేదు. అమెరికాలో ఒక జీటీ-ఆర్ కొని తెచ్చి, తమ డ్రైవర్‌తో నడిపించి, 7 నిమిషాల 54 సెకన్లు వచ్చిందని చెప్పింది. ఒకే మోడల్ మీద 25 సెకన్ల తేడా! నిస్సాన్ తన టైమ్ సరైనదే అంది. ఎవరి కొలత వాళ్లే ప్రకటించుకున్నారు. మా శాఖ భాషలో చెప్పాలంటే, షాపువాడు తన కాటాకు తనే ముద్ర వేసుకున్నట్టు.

2019 నుంచి ట్రాక్ యాజమాన్యమే నియమాలు పెట్టింది. అధికారిక రికార్డు కావాలంటే నోటరీ సమక్షంలో జరగాలి. నోటరీ అనగానే మనకు కోర్టు ముందు అఫిడవిట్ మీద స్టాంపు వేసే ఆయన గుర్తొస్తాడు. జర్మనీలో నోటరీ ప్రభుత్వం నియమించే న్యాయ నిపుణుడు, హోదా చాలా పెద్దది. కొనేవాళ్లకు అమ్మే కారూ, ట్రాక్ మీదికి వచ్చిన కారూ ఒకటేనా అని కూడా చూస్తారు.

ఆ నియమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది దూరం సంగతి. అంతకుముందు చాలా కంపెనీలు 20.6 కి.మీ. మాత్రమే లెక్కపెట్టేవి. మొదలుపెట్టే చోటికీ ముగించే చోటికీ మధ్య 232 మీటర్ల ముక్క లెక్కలోకి వచ్చేది కాదు. 2019 నుంచి పూర్తి 20.832 కి.మీ. లెక్క.

ఇప్పుడు ఈ రెండు టైమ్‌లు చూడండి. మాంథై కిట్ బిగించిన పోర్షె 911 జీటీ2 ఆర్ఎస్‌కు 2018లో 6 నిమిషాల 40.3 సెకన్లు. అదే రకం కారుకు 2021లో 6 నిమిషాల 43.300 సెకన్లు. మూడు సెకన్లు వెనకబడిందనిపిస్తుంది కదా? కానీ మొదటిది పాత దూరానికి, రెండోది కొత్త దూరానికి. 2021 ల్యాప్‌ను పాత దూరానికి చూస్తే 6 నిమిషాల 38.835 సెకన్లు. అంటే దాదాపు సెకనున్నర మెరుగుపడింది.

దీన్ని మా వాడు నా మీదే ప్రయోగించాడు. లెక్కల్లో యూనిట్ టెస్టుకు 92 శాతం, హాఫ్ ఇయర్లీకి 84 వస్తే "ఎందుకు తగ్గాయి?" అన్నాను. "ట్రాక్ పొడవు మారింది నాన్నా. అప్పుడు రెండు చాప్టర్లు, ఇప్పుడు ఏడు" అన్నాడు. మాటకారితనం సంగతి తర్వాత చూద్దామని రెండు క్వశ్చన్ పేపర్లూ, ఆన్సర్ షీట్లూ తెమ్మన్నాను. హాఫ్ ఇయర్లీలోంచి ఆ పాత రెండు చాప్టర్ల ప్రశ్నల్ని విడిగా తీసి కూడాం. వాటిలో పోయింది ఒక్క మార్కు. మిగతావి దాదాపు అన్నీ ఘనపరిమాణాల చాప్టర్‌లోనే పోయాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట దానికే. పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డుతోపాటు ఆన్సర్ షీట్లు కూడా అడగడం నాకు ఇలా అలవాటైంది.

ఇక వీడియోల విషయం. పిల్లలు వాటినే సాక్ష్యం అంటారు. 2020 అక్టోబరులో ఎస్ఎస్‌సీ టువటారా అనే కారు అమెరికాలోని నెవాడాలో గంటకు 331 మైళ్ల వేగం అందుకుందని ప్రకటించి, వీడియో కూడా విడుదల చేశారు. చూసినవాళ్లు రోడ్డు పక్కన గుర్తుల మధ్య దూరం కొలిచి, దాటడానికి పట్టిన సెకన్లతో భాగించారు. తెర మీద కనిపించే వేగానికీ దానికీ పొంతన లేదు. 2021 జూలైలో కంపెనీయే ఆ వేగం అందుకోలేదని ఒప్పుకుంది. ఆ పట్టుబడిన లెక్కకు ఏ పెద్ద చదువూ అక్కర్లేదు, హైస్కూల్ పాఠం చాలు.

మా ఇంట్లో ఇప్పుడు ఆ లెక్క వేయకుండా ఏ రికార్డూ ఒప్పుకోం. 2024 సెప్టెంబరులో మెర్సిడెస్-ఏఎంజీ వన్ పూర్తి 20.832 కి.మీ.ను 6 నిమిషాల 29.090 సెకన్లలో తిరిగింది. సగటు వేగం ఎంత అని అడిగితే మా వాడు కాగితం మీద వేసి గంటకు సుమారు 192.7 కి.మీ. అన్నాడు. నేను కాలిక్యులేటర్‌లో సరిచూశాను. సరిపోయింది.