నిప్పుబండిలో రేవుకు

పోయిన స్కూలు సెలవుల్లో అమ్మను తీసుకుని కెఎల్ సెంట్రల్‌లో కొమ్యూటర్ రైలు ఎక్కాను. అమ్మకు ఎనభై రెండేళ్లు. "మా తాత ఓడ దిగిన రేవు చూడాలే" అని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. "వచ్చే సెలవుల్లో" అంటూ నేనే వాయిదా వేశాను. ఈమధ్య అమ్మకు మతిమరపు మొదలైంది. ఇక ఆగకూడదనుకున్నాను.

ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్నాం. 2010 నుంచి ఈ రైళ్లలో మధ్య పెట్టె ఆడవాళ్లకే. గులాబిరంగు బోర్డు చూసి ఎక్కాలి. లోపల ఏసీ చలి. అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"పొగబండి ఇంత చల్లగా ఉంటుందా?" అంది.

అమ్మకు రైలంటే పొగబండి. మలయ్‌లో రైలు 'కెరెతాపి'. కెరెతా అంటే బండి, ఆపి అంటే నిప్పు. ఈ బండికి నిప్పూ లేదు, పొగా లేదు. పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. బండి కప్పు మీది చట్రం ఆ తీగను రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. కొమ్యూటర్ 1995లో మొదలైంది. అప్పుడు నేను కొత్త టీచర్ని. దారి మాత్రం చాలా పాతది. కౌలాలంపూర్ నుంచి క్లాంగ్ వైపు 1886లోనే రైలు నడిచింది.

నలభై దాటాక గుడి తరగతిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడు ఈ రైల్లోనే స్టేషన్ల పేర్లు తెలుగులో రాసేదాన్ని. మీరూ రాసి చూడండి. 'పెటాలింగ్', 'షా ఆలం' సులువు. 'క్లాంగ్' రాయాలంటే క కింద లావత్తు గుర్తుండాలి.

క్లాంగ్‌లో చాలామంది దిగిపోయారు. తెలుక్ పులాయ్, జలాన్ కస్తమ్ దాటి చివరి స్టేషను పెలాబుహాన్ క్లాంగ్ చేరాం. పెలాబుహాన్ అంటే రేవు.

"ఇది కాదే. తాత దిగింది స్వెటెన్‌హామ్‌లో" అంది అమ్మ.

"అదే ఇది అమ్మా. 1901లో రేవు తెరిచినప్పుడు పోర్టు స్వెటెన్‌హామ్ అన్నారు. 1972లో పేరు మార్చారు."

స్టేషను బయట పులావ్ కెతామ్ వెళ్లే పడవలు ఆగి ఉన్నాయి. అమ్మ నీళ్ల వైపు చాలాసేపు చూసింది. ముత్తాత రబ్బరు తోటలో కూలికి ఒప్పుకుని ఇక్కడ దిగారు.

"తాతది ఏ ఊరమ్మా?" అని అడిగాను.

అమ్మ ఆలోచించింది. "సముద్రం పక్కన. తాటిచెట్లు. గట్టు మీద గుడి..." పేరు రాలేదు.

నా చిన్నప్పుడు ఆ పేరు ఎన్నోసార్లు చెప్పింది. నాకప్పుడు తెలుగు సరిగా రాదు. సగం విని, మలయ్‌లో జవాబిచ్చేదాన్ని. నాకు తెలుగు వచ్చేసరికి అమ్మ మరిచిపోయింది.

తిరుగు రైల్లో టికెట్టు వెనక ఆ మూడు మాటలూ రాసుకున్నాను. సముద్రం, తాటిచెట్లు, గుడి. అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడగండి. విన్నది తెలుగులో రాయండి. తప్పులుంటే తరువాత దిద్దుకుందాం.