గుమ్మంలో నిలబడ్డ డిస్కు

ఆడవాళ్ళకి కంప్యూటర్లో ఆ నల్ల తెర చూస్తే దడ అంటారు మా వారు. ఆయనకి దడ లేదు. ఉండదు మరి, ఆయన దాని వంక చూస్తేగా!

మాది పాతబస్తీ, హరిబౌలి. ఈ శ్రావణంలో మా అత్తగారి సంవత్సరీకం. ఆవిడ లాల్‌దర్వాజా బోనాలకి పాడే పాటలూ, పక్కింటి ఖాలాతో మేడమీద సగం తెలుగు, సగం దక్కనీలో చెప్పుకునే కబుర్లూ మా అబ్బాయి రికార్డు చేసి ఒక డిస్కులో దాచాడు. ఇంకో కాపీ లేదు. ఆడపడుచులు వస్తున్నారు కదా, వినిపిద్దామని లాప్‌టాప్‌కి తగిలిస్తే, డిస్కు దీపం వెలిగింది గానీ తెరమీద దాని బొమ్మ రాలేదు. బజార్లో ఒక కుర్రాడికి చూపిస్తే "ఫార్మాట్ కొట్టేద్దాం ఆంటీ" అన్నాడు. అంటే, బీరువాలో చీరలన్నీ పారేసి బీరువా బాగుపడిందనడం! డిస్కు కొంగున మూటగట్టుకుని ఇంటికొచ్చేశాను.

రాత్రి పుణె నుంచి అబ్బాయి ఫోను. మా లాప్‌టాప్‌లో వాడు వేసి వెళ్ళింది లైనక్స్. "అమ్మా, డిస్కు తీసేసి 'ఎల్ ఎస్ బి ఎల్ కె' కొట్టు. ఇప్పుడు తగిలించి మళ్ళీ కొట్టు. కొత్తగా వచ్చిన పేరే దానిది" అన్నాడు. మొదట ఎస్‌డిఏ ఒక్కటే ఉంది, అది లాప్‌టాప్ సొంత డిస్కు. తర్వాత ఎస్‌డిబి, దాని కింద ఎస్‌డిబి1 వచ్చాయి. బి అంటే రెండో డిస్కు, 1 అంటే అందులో మొదటి గది. పక్కన 931.5 జీ అని ఉంది. కొన్నది 1 టీబీ కదా, మిగతాది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదట. అమ్మేవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, ఇది 1,024 చొప్పున. మదీనా దగ్గర గజాల్లో కొని, ఇంట్లో మీటర్లలో కొలిచినట్టు. గుడ్డ అంతే.

తగిలించినంత మాత్రాన డిస్కు లోపలికి వచ్చినట్టు కాదు. గుమ్మంలో నిలబడ్డ చుట్టం అది. ఒక ఖాళీ ఫోల్డరు పీటలా వేసి కూర్చోమనాలి. అదే మౌంటు. 1971 నాటి యూనిక్స్‌లోనే ఈ ఆజ్ఞ ఉందిట. మరి ఇదివరకు తనంతట తనే వచ్చేది కదా అంటే, పోయినసారి విండోస్ కంప్యూటర్ నుంచి దీన్ని ఎవరో సాగనంపకుండా లాగేశారు, అందుకే బెట్టు చేస్తోందన్నాడు. మా వారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"సుడో మౌంట్ మైనస్ ఓ ఆర్‌ఓ" అని, దాని వెనక డిస్కు పేరూ, పీట పేరూ చెప్పించాడు. ఆర్‌ఓ అంటే సాలార్‌జంగ్ మ్యూజియం పద్ధతి: చూడొచ్చు, ముట్టుకోకూడదు. పాస్‌వర్డు కొడుతుంటే తెరమీద ఒక్క చుక్కా కనపడదు, అయినా పడుతుంది. ఎంటర్ నొక్కాక ఉలుకూ పలుకూ లేదు. "ఏమీ అనలేదంటే పనైనట్టే" అన్నాడు. మా అత్తగారూ అంతే, కూర బాగుంటే ఏమీ అనేవారు కాదు.

ముందు అన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాతే పాట పెట్టాను. ఆ గొంతు విని ఖాలా గోడ పక్కనుంచి వచ్చేసి, గడపమీద కూలబడిపోయారు. మా వారి పేపరు ఎప్పుడు కిందికి దిగిందో చూడలేదు.

పది దాటాక, చుట్టాన్ని ఈసారైనా మర్యాదగా పంపుదామని "సుడో యుమౌంట్" కొట్టాను. 'అన్'లో రెండో అక్షరం లేదు, అదేం పొదుపో! తీరా చూస్తే డిస్కు పనిలో ఉంది, కుదరదంది. పాట ఇంకా నడుస్తోంది మరి. ఆపనా అన్నట్టు ఖాలా వంక చూశాను.

"ఉండనీ బేటీ, తర్వాతది నా గొంతు" అన్నారు.