పరిచారిక నేర్పిన శౌచం



మైపాడు తీరాన మూడు దశాబ్దాలుగా స్వామి కైంకర్యం చేస్తున్న నాకు, శౌచమంటే ఏమో తెలుసునన్న అభిమానం ఉండేది. అది చెన్నపట్టణంలోని ఒక ఆసుపత్రిలో తొలగింది.

మా అన్నగారికి 61వ ఏట రక్తపు క్యాన్సర్ వచ్చింది. తోబుట్టువుల కణజాలం పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. దైవానుగ్రహం వల్ల నాది సరిపోయింది. ఆ వయస్సులో మజ్జను సమూలంగా దహించే తీవ్రమైన మందులకు దేహం ఓర్వదని, వైద్యులు మోతాదు తగ్గించిన పద్ధతిని ఎంచుకొన్నారు. ఇందులో మందులు చోటు కల్పిస్తాయి. శేషించిన వ్యాధిని దాత కణాలే క్రమంగా నిర్మూలించాలి. నాకు కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, రక్తాన్ని యంత్రం ద్వారా త్రిప్పి మూలకణాలను గ్రహించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లోనే మజ్జ మార్పిడి జరిగిందని అప్పుడే తెలిసింది.

కణాలు ఎక్కించిన ఆరవనాడు తులసీతీర్థం, స్వామివారి పుష్పం తీసుకొని వెళ్ళాను. తెలుగు తెలిసిన నర్సమ్మ ద్వారం వద్దనే ఆపింది.

“స్వామీ, పూలు, పచ్చి ఆకులు, కాచని నీళ్ళు లోపలికి వద్దు.”

“తీర్థంలో దోషమా?” అని కోపించాను.

“తీర్థంలో కాదు స్వామీ. ఆయనకిప్పుడు తెల్లకణాలు లేవు. మనకు ఏమీ చేయని క్రిమి కూడా ఆయనకు ప్రమాదమే. ముందు చేతులు కడుక్కోండి.”

ఆ తరువాత ఆమెను గమనించాను. రోగిని తాకిన ప్రతిసారీ హస్తప్రక్షాళనం. ఎదపైని గొట్టం విప్పే ముందు దాని ముఖాన్ని మందుతో తుడవడం. నిత్యం బరువు, జ్వరం, నోటి పుండ్లు చూడడం. ఒక రాత్రి అన్నగారి అరచేతుల్లో ఎర్రని మచ్చలను మొదట చూసినది ఆమెయే. నా కణాలే ఆయన దేహాన్ని పరాయిదిగా తలచి ఎదురు తిరిగాయట! “అన్నకు ప్రాణదానం చేశాను” అన్న నా అహంకారం ఆ క్షణాన నేల కూలింది. నేనిచ్చినది ఆయనను బాధిస్తుండగా, ఆమె జాగరూకత వల్ల సకాలంలో మందు అందింది.

చరకాచార్యులు పరిచారకునికి నాలుగు గుణాలు చెప్పారు: ఉపచారజ్ఞానం, దక్షత, రోగిపై అనురాగం, శౌచం. శాస్త్రంలో చదివిన ఆ నాలుగింటినీ ఒక్కచోట చూసినది అక్కడే. నా మడి నన్ను కాపాడుకొనేది. ఆమె మడి ఎదుటివానిని కాపాడేది.

నేడు అన్నగారు గుడికి వస్తున్నారు. ఆయన కోసం కాచి చల్లార్చిన జలాన్ని వేరుగా ఉంచి, స్వామికి నివేదించి, చేతులు కడుక్కొని ఇస్తున్నాను. అదీ తీర్థమే.

స్వస్తి.